మక్కకు తగ్గ ఇల్లు

"ఈ పిల్లి ఎంతకిస్తరు?"

శ్యాంసుందర్ ఆ అమ్మాయిని అడిగిన మొదటి మాట అది. ఆ ఒక్క మాటతోనే వచ్చిన పని చెడిపోయింది.

హనుమకొండలో ఓ స్కూలు ఆవరణలో ఆదివారం పొద్దున పిల్లుల దత్తత మేళా పెట్టారు. రేకుల షెడ్డు కింద వరసగా బుట్టలు, బుట్టల్లో పాత చీరల ముక్కలు, వాటి మీద పిల్లి కూనలు. వాటి వెనక ఓ పసుపు కుర్తా అమ్మాయి ఒక కూన చెవులు తుడుస్తూ కూర్చుంది. మాట వినగానే తలెత్తి చూసింది. ఆ చూపుకు ఇంకొకడైతే ఓ అడుగు వెనక్కి వేసేవాడే. కానీ శ్యాంసుందర్ మట్టెవాడ వాడు. పైగా బేరాల మధ్య పెరిగినవాడు.

"ఇక్కడ అమ్ముడు లేదు," అంది ఆ అమ్మాయి.

"మరి ఊకెనే ఇస్తరా?"

"ఊకెనే గూడ ఇయ్యం."

"అమ్మరు, ఊకెనే ఇయ్యరు. మరి వీటిని గాలికి ఆరబెట్టిన్రా?"

పక్కనున్న వాలంటీర్లు కిసుక్కున నవ్వారు. ఆమె మాత్రం నవ్వలేదు. "దత్తత ఇస్తం. అంత పెద్ద బ్యానర్ కట్టినం, చదవలేదా? సరే, మీకు పిల్లి ఎందుకు?"

"ఎలుకలు పట్టనీకి. మాది జంపఖానాల దుకాణం. అంచులన్ని కొరికి నాశనం చేస్తానయి."

"అంటే నౌకరీకి కావాలె."

"తప్పేంది? మా దుకాణంల అందరం పని చేసేటోళ్లమే. మా బాపుతో సహా."

"మరి దానికి జ్వరమొస్తె? ముసలిదై పని చేతగాకపోతె?"

 "పెన్షన్ ఇస్తం," అన్నాడు శ్యాంసుందర్.

ఈసారి ఆమె పెదవి చివర ఏదో కదిలింది గానీ, నవ్వు దాకా రానివ్వలేదు. ఇల్లు సొంతమా, పగలు ఇంట్లో ఎవరుంటారు, కుక్క ఉందా అని వరసబెట్టి అడిగింది. పోలీసు స్టేషన్‌లో కూడా ఇన్ని అడగరు. చివరికి, "మేమొచ్చి ఇల్లు చూసినంకనే ఇస్తం. హోమ్ చెక్ అంటం," అంది.

"మా ఇంటికి చెకింగా? మేడం, మట్టెవాడకు పోయి ఓంప్రకాశ్ సేటు ఇల్లేదని ఎవల్నన్న అడగండ్రి. వరంగల్‌ల ఎంతమంది పెండ్లి పందిట్ల మా జంపఖానాల మీద కూసొని తిన్నరో తెలుస్తది."

"ఎవల్నో అడుగుడెందుకు? నేనే వచ్చి చూస్తె అయిపాయె గదా!"

అతనికి నిజంగానే రోషం వచ్చింది. గిర్రున తిరిగి పోదామనుకున్నాడు, కాలు కదలలేదు. ఎప్పుడొచ్చిందో ఏమో, గుప్పెడంత పిల్లి కూన ఒకటి అతని చెప్పు మీద ముడుచుకుని నిద్రపోతోంది.

"మక్కా! దిగు," అంది ఆమె.

"మక్కనా? ఇదేం పేరు?"

"కాల్చిన మక్క కంకి రంగు ఉన్నది గద, అందుకు."

అప్పుడే వాన మొదలైంది. రేకుల మీద మోతకు మాటలు వినపడవు, చెప్పు మీద పిల్లికి మెలకువ రాదు, రోషంతో వెళ్లిపోదామన్న మనిషికి వెళ్లే దారి లేదు. ఆమె అతని అవస్థ చూసి ఈసారి దాచుకోకుండా నవ్వేసింది. వాన ఇంకాసేపు కురిస్తే బాగుండునని శ్యాంసుందర్‌కు అనిపించింది. ఎందుకో అతను తనను తాను అడగలేదు.

మర్నాడు దుకాణంలో కూర్చుని దోస్తు మహిపాల్‌తో ఫోన్లో మాట్లాడుతూ గొంతు పెంచాడు. "అవునుర, దత్తతనే! ఇల్లు చూడనీకి వస్తరట. చూసుకోనీ, మనకేం భయం?"

పక్క స్టీలు సామాన్ల దుకాణం వెంకట్రాజానికి ఈ మాటలు సగం వినపడ్డాయి. మిగతా సగం ఆయన సొంతంగా కలుపుకున్నాడు. మధ్యాహ్నం చాయ్ వేళకు బజారులో ఓంప్రకాశ్ సేటు కొడుకు లగ్గం కాకముందే పిల్లను దత్తత తీసుకుంటున్నాడు. దీపాలు పెట్టే వేళకు మాట ఇంకో నాలుగు దుకాణాలు తిరిగి, శ్యాంసుందర్‌నే ఎవరికో దత్తత ఇచ్చేస్తున్నారు.

వెంకట్రాజం పాపం మంచివాడే. ఓదార్చడానికే వచ్చాడు. "సేటూ, ఒక్కగానొక్క కొడుకు. ఏం కష్టమొచ్చిందని దత్తత ఇస్తానవ్?"

గల్లా ముందు కూర్చున్న ఓంప్రకాశ్ చెయ్యి అలాగే ఆగిపోయింది.

ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ అనరు. ఓంప్రకాశ్ ములుగు వైపు ఓ చిన్న కిరాణా కొట్టు ఇంట్లో పుట్టాడు. మట్టెవాడ సేటుకు పిల్లలు లేకపోతే, చిన్నప్పుడే ఈ ఇంటికి దత్తత వచ్చాడు. వచ్చిన ఇంటిని నిలబెట్టాడు, దుకాణాన్ని రెండింతలు చేశాడు. అయినా పెండ్లిళ్లలో కూర్చున్నప్పుడు వెనక నుంచి "దత్తుడు" అని ఎవరో ఒకరు గొణిగేవారు. అందుకని ఎవరైనా వంశం గురించి అడిగితే ఆయన మాట మార్చేసేవాడు. శ్యాంసుందర్‌కు ఇదంతా తెలుసు. తెలిసీ, మేళా బ్యానర్ మీద చూసిన మాటను నోటి నిండా అనేశాడు.

అసలు సంగతి కొడుకు విప్పి చెప్పాక ఓంప్రకాశ్ అరవలేదు. అరిచినా బాగుండేది.

"పిల్లికి పెట్టిన్రా ఆ మాట? అంటే నేనూ, నీ పిల్లీ ఒక్కటే అన్నట్టు," అని లేచి పైకి వెళ్లిపోయాడు.

"ఇగ ఈ ఇంట్ల పిల్లి ముచ్చట ఎత్తకు బిడ్డా," అంది తల్లి శోభారాణి.

ఆ సంగతి చెప్పి రావడానికే శ్యాంసుందర్ మేళా బ్యానర్ మీది చిరునామా పట్టుకుని మళ్లీ హనుమకొండ వెళ్లాడు. ఫోన్ చేస్తే సరిపోయేది. కానీ అలాంటి మాటలు ఫోన్లో చెప్పకూడదని తనకు తానే నచ్చజెప్పుకున్నాడు.

ఆ అమ్మాయి పేరు దీప. సొంతూరు నెక్కొండ, తండ్రి రాంచందర్‌ది వ్యవసాయం. ఒక ప్రైవేటు దవాఖానలో మందుల షాపు చూసుకుంటుంది. మల్లక్క అనే ఆమె ఇంట్లో కిరాయికి ఉంటూ, దిక్కులేని పిల్లులను తెచ్చి పెంచి మంచి ఇళ్లకు ఇస్తుంది. ఇదంతా అతనికి ఆమె చెప్పలేదు. గేటు దగ్గరే పట్టుకుని మల్లక్క చెప్పింది.

"పిల్లి వద్దు మేడం," అన్నాడు.

"హోమ్ చెక్ అంటె భయపడ్డరా?"

"భయమా? మాకా?"

"మరేంది?"

"అది మీకు చెప్పేది కాదు."

"చెప్పకుండ్రి. గని వద్దన్నోళ్లు ఎవలు పిల్లిని ఇంతసేపు ఎత్తుకోరు."

చూసుకుంటే మక్క అతని ఒళ్లో ఉంది. చొక్కా గుండీ నోట్లో పెట్టుకుని లాగుతోంది.

తరవాత అతను మళ్లీ వెళ్లాడు, గుండీ పోయిందని. ఇంకోసారి వెళ్లాడు, పిల్లులు పడుకోవడానికి జంపఖానా ముక్కలు తెచ్చానని. ఆ తరవాత సాకులు వెతుక్కోవడం మానేశాడు. దీప నెక్కొండ మిర్చి గురించి గొప్పలు చెప్పేది, అతను జంపఖానా నేతలో రంగుల గురించి గొప్పలు చెప్పేవాడు. ఇద్దరిలో ఎవరూ తగ్గేవారు కాదు.

"రోజు పిల్లి కోసమేనా బిడ్డా వచ్చుడు?" అంది ఓ సాయంత్రం మల్లక్క.

"మరి? పిల్లి కోసమే!"

"పిల్లి లోపల పండుకున్నది. నువ్వు ఈడ వాకిలి దిక్కు చూస్తానవేంది మరి?"

దీప అప్పుడే డ్యూటీ నుంచి వానలో తడిసి వస్తోంది. జడలోంచి నీళ్లు పిండుకుంటూ, "మీరు గూడ తడిసిన్రా?" అంది. అతను తడవలేదు. అయినా అవునన్నాడు. ఆ క్షణాన అతనికి స్పష్టంగా తెలిసిపోయింది, తాను ఈ పిల్లను ప్రేమిస్తున్నానని. ఆమె దగ్గర ఏదీ దాచడం ఇక తన వల్ల కాదని కూడా.

వాన తగ్గేలోపు తండ్రి సంగతి అంతా చెప్పేశాడు.  దీప అంతా విన్నాక, "మీ బాపును బాధ పెట్టింది నేను రాయించిన బ్యానర్. అయితే జవాబు గూడ నేనే చెప్పాలె," అంది.

"వద్దు దీపా."

మేడం అన్న పిలుపు ఎక్కడో జారిపోయింది. ఇద్దరూ గమనించారు, ఇద్దరూ ఏమీ ఎరగనట్టు వాన వైపు చూశారు.

వద్దంటే ఆగే మనిషి కాదు దీప. ఆదివారం పొద్దున దుకాణం తీసీ తియ్యగానే మెట్ల మీద నిలబడింది.

"ఎవలు బిడ్డా? జంపఖానా చూపెట్టాల్నా?" అన్నాడు ఓంప్రకాశ్.

"జంపఖానా తర్వాత చూస్త అంకుల్. ముందు ఇల్లు చూడాలె."

లోపల సర్దుతున్న శ్యాంసుందర్ చేతిలోంచి జంపఖానా చుట్ట జారి కాలి మీద పడింది.

"నా పేరు దీప. దత్తత మేళా పెట్టింది మేమే."

ఓంప్రకాశ్ కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. "కూసో. మా ఇంటికొచ్చినోళ్లకు చాయ్ ఇయ్యకుంట మేము మాట్లాడం. తాగినంక ఒక్క మాట అడుగుత."

శోభారాణి చాయ్ తెచ్చింది. కప్పు కింద పెట్టాక ఆయన అడిగాడు. "పిల్లికి ఆ మాట ఎందుకు పెట్టిన్రు? ఇంకో మాట దొరకలేదా?"

శ్యాంసుందర్ చుట్ట వదిలేసి తండ్రి పక్కకు వచ్చి నిలబడ్డాడు. దీప ఆయన వైపు సూటిగా చూసింది.

"వెతికినం అంకుల్. అమ్మినమంటె అబద్ధం. ఊకెనే ఇచ్చినమంటె వదిలిచ్చుకున్నట్టు ఉంటది. ఇగ ఇది మీ ఇంటిదే, మీ దగ్గరనే ముసలిదైతది, మీరు దీన్ని ఎన్నడు పరాయిదనరు అని చెప్పాలె. ఇదంత ఒక్క మాటల వచ్చేది తెలుగుల ఇంకోటి ఉంటె చెప్పుండ్రి. రేపే బ్యానర్ మారుస్త."

ఓంప్రకాశ్ చాలాసేపు ఆలోచించాడు. బజారులో మాటకు మాట తడుముకోకుండా చెప్పే మనిషికి ఇంకో మాట దొరకలేదు.

"సరే. ఇచ్చే ముందు పిల్లిని ఏమేం పరీక్ష చేస్తరు?"

"పిల్లినేం చెయ్యం అంకుల్. దానికేం పరీక్ష? పరీక్ష ఇంటికే."

ఆయన కప్పు అంచు మీద వేలు తిప్పుతూ చెప్పడం మొదలుపెట్టాడు. 

"నన్ను ఈడికి తెచ్చుకునే ముందు పెద్దమనుషులు వచ్చి చూసిన్రు. ఎక్కాలు చదువుమన్నరు. అటు ఇటు నడువుమన్నరు. నోరు తెరిపిచ్చి పండ్లు చూసిన్రు. మా కన్నతల్లి వాకిట్ల నిలబడి చూసుడే గని, మా పిలగాడు పోయే ఇల్లెట్లుంటది, ఆకలైతె ఎవలు పెడతరు, జ్వరమొస్తె పక్కన ఎవలు కూసుంటరు అని ఒక్క మాట అడగలే. అడిగే ధైర్యం లేకుండెనేమో. ఇయ్యాల నువ్వు పిల్లి కోసం వచ్చి అడుగుతానవ్."

 శోభారాణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అడుగు బిడ్డా," అని ఓంప్రకాశ్ లేచాడు. "ఒక్కటి గూడ విడిచిపెట్టకు."

దీప విడిచిపెట్టలేదు. మెట్లు చూసింది, డాబా పిట్టగోడ చూసింది, రోడ్డు వైపు తలుపు ఎప్పుడెప్పుడు తెరిచి ఉంటుందో అడిగింది.

"ఎలుకల మందు పెడతరా అంకుల్?"

"ఈ ఇంట్ల ఎన్నడు విషం పెట్టలే. మా అమ్మ పెట్టనియ్యలే. నన్ను పెంచిన అమ్మ."

"జ్వరమొస్తె పక్కన ఎవలు కూసుంటరు?"

ఆ ప్రశ్న దీప జాబితాలోది కాదని శ్యాంసుందర్‌కు తెలుసు. ఓంప్రకాశ్‌కూ తెలుసు. ఆయన ఛాతీ ఉప్పొంగింది. "నాకు తట్టు పోసిననాడు ఆమె నా మంచం విడిచి లేవలే. చుట్టాలొచ్చి, సొంత కొడుకా ఏందని ఎక్కిరిస్తె, 'సొంతం గాకపోతె ఎవల కొడుకు?' అని వాకిట్లనే గద్దిచ్చింది. ఈ ఇల్లు ఆనాడు గూడ పాసయ్యేదే బిడ్డా. పరీక్ష పెట్టేటోళ్లే రాలే."

ఇన్నేళ్లుగా తలవంచుకుని దాటేసిన మాటను తండ్రి తలెత్తి చెబుతుంటే శ్యాంసుందర్‌కు ఒళ్లు పులకరించింది. ఇంత గొప్ప మనిషికా తాను కొడుకు అనుకున్నాడు. ఆ మాట చెప్పించిన పిల్ల డాబా మీద గాలికి ఎగురుతున్న చున్నీ సర్దుకుంటుంటే, ఆమెను చూసినా అంతే గర్వంగా అనిపించింది. ఆమె అతనికి ఇంకా ఏమీ కాదు. అయినా సరే.

మక్క ఇంటికి వచ్చిన రోజు ఓంప్రకాశ్ స్వయంగా వెంకట్రాజాన్ని పిలిచాడు. "ఏమయ్యా, బజార్ల అందరికి చెప్పు. దత్తత తీసుకున్న. పేరు మక్క. దాని ముందర మా ఇంటిపేరు గూడ చేర్చి చెప్పు."

మక్క ఆ ఇంట్లో ఒక్క ఎలుకను కూడా పట్టలేదు. ఎలుక కనబడితే వెళ్లి ఓంప్రకాశ్ ఒళ్లో కూర్చునేది. ఎవరైనా నవ్వితే, "చిన్న పిల్ల. నేర్చుకుంటది తియ్," అని ఆయనే కసిరేవాడు.

దీప ఫాలో-అప్ అంటూ మక్కను చూడటానికి వచ్చేది. ఓ సాయంత్రం వచ్చి డాబా మీద మక్కను బరువు చూసి, "మంచిగ ఉన్నది. ఇగ నేను రానక్కర లేదు," అంది.

శ్యాంసుందర్ గబుక్కున దగ్గరికి వచ్చాడు. "అదేంది? నువ్వు రాకపోతె మక్క బెంగ పెట్టుకుంటది."

"మక్కనా?"

"మక్క గూడ."

"గూడ అంటె ఇంకెవలు?"

మబ్బు పట్టింది, చినుకులు మొదలయ్యాయి. ఇంతకన్నా మంచి అదను దొరకదని శ్యాంసుందర్‌కు అర్థమైంది. 

"నేను. నువ్వంటె నాకు ప్రాణం దీపా. ఆ రోజు రేకుల కింద వాన ఆగొద్దని మొక్కుకున్న. ఇంతకన్న సక్కగ చెప్పనీకి నాకు రాదు."

దీప మక్కను ఒళ్లోంచి దింపి, మళ్లీ ఎత్తుకుంది. "మీ ఇంటికి ఆనాడే మార్కులేసిన. మనిషికే ఇంక వెయ్యలేదు."

"ఎప్పుడేస్తవ్?"

"మా బాపు ఏస్తడు. నేనైతె ఏసి చాన రోజులాయె," అంది. అని, చెంపలు ఎర్రబడ్డ సంగతి అతను చూడకుండా మెట్లు దిగేసింది.

ఇంట్లో చెప్పినప్పుడు శోభారాణికి సంతోషమూ వచ్చింది, భయమూ వచ్చింది. "పిల్ల బంగారం. గని వాళ్లు వ్యవసాయదారులు, మనం దుకాణపోళ్లం. మనోళ్లు ఊకుంటరా?"

"నన్ను తెచ్చుకున్ననాడు ఊకున్నరా?" అన్నాడు ఓంప్రకాశ్. "నెక్కొండకు రైలెప్పుడున్నదో చూడు."

నెక్కొండలో రాంచందర్ వాకిట్లో మంచాలు వేయించాడు. ఊరి పెద్దమనిషి మొగిలి కూడా వచ్చి కూర్చున్నాడు. దీప తల్లి లక్ష్మి తలుపు దగ్గర నిలబడింది. కుశలాలయ్యాయి, మిర్చి ధరల ముచ్చట్లయ్యాయి. శ్యాంసుందర్ ఓరగా కిటికీ వైపు చూస్తే, కిటికీలోంచి దీప కళ్లతోనే కుదురుగా కూర్చోమని బెదిరించింది.

అప్పుడు మొగిలి గొంతు సవరించుకున్నాడు. "సేటూ, మట్టెవాడల మీది పాత ఇల్లని విన్నం. తాతల నాటి నుంచి ఆడనేనా మీ వంశం?"

శ్యాంసుందర్ నేల చూపులు చూశాడు. ఈ ప్రశ్నకు తండ్రి ఎప్పుడూ అవునని మాట మార్చేస్తాడు. మక్కను దత్తత తీసుకున్నానని బజారుకు చెప్పడం వేరు, నలుగురిలో వియ్యానికి వచ్చి తన సంగతి చెప్పడం వేరు. అవునన్నా తప్పు పట్టేవాళ్లు లేరు. కాదంటే సంబంధమే చెడవచ్చు.

"ఇల్లు తాతల నాటిదే," అన్నాడు ఓంప్రకాశ్. వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నాడు. "నేను ఆ ఇంటికి దత్తత వచ్చిన కొడుకును. వాళ్ల పేరు నిలబెట్టిన. ఇప్పటిదాంక నలుగుర్ల ఈ మాట నా నోటితోని చెప్పుకోలే. మీ బిడ్డనడగనీకి వచ్చి అబద్ధమాడబుద్ధి గాలే."

 రాంచందర్ ఏదో అనబోయి భార్య వైపు చూశాడు. లక్ష్మి తలుపు దగ్గరి నుంచి ముందుకు వచ్చింది.

"అన్నా, నేను గూడ వేరే ఇంటిపేరుతోనే పుట్టిన. ఈ ఇంటికొచ్చిన కొత్తల ఏ డబ్బల ఏమున్నదో తెల్వక, ఎవల్నడగాల్నో తెల్వక వంటింట్ల నిలబడి ఏడ్చిన. నా బిడ్డకు గట్ల గావద్దనే నా ఫికరంత. కొత్త ఇంట్ల నిలదొక్కుకునుడు ఎట్లుంటదో తెలిసిన మామ దొరుకుతడని నేనెన్నడనుకోలే. ఇగ మీ ఇల్లు నేను చూడనక్కర లేదు."

ఓంప్రకాశ్ మంచం మీది నుంచి లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ జోడించాడు.

"లేదు చెల్లే. నువ్వు రావాలె. వచ్చి ఒక్కొక్క అర్ర చూడాలె. ఎవలు వండుతరు, ఎవలు ముందు తింటరు, నీ బిడ్డకు జ్వరమొస్తె పక్కన ఎవలు కూసుంటరు, అన్నీ అడగాలె. నా ముందరనే అడగాలె."

లక్ష్మి కొంగుతో కళ్లొత్తుకుంది.

"వస్త అన్నా," అంది. "వచ్చి అడుగుత."